మన పక్షులును మన కుట్టుపనియు

పాఠశాలలో చేతిపనికి ప్రత్యేకముగా నొక గంట యుండవలెనా, దానిని కూడ పరీక్షల చదువునకే యిచ్చివేయవలెనా యను చర్చ తల్లిదండ్రులలోను ఉపాధ్యాయులలోను తరచుగా వినవచ్చుచున్నది. పరీక్షలు సమీపించిన కొలది ఆ గంటను గణితమునకో ఆంగ్లమునకో అప్పగించుట పెక్కు పాఠశాలలలో వాడుకయైనది. ఈ విషయమున మా యభిప్రాయమును దాపరికము లేక చెప్పదలచితిమి. చేతిపని గంట తప్పక యుండవలెను. కాని యిప్పుడున్న తీరున నుండరాదు. బాలబాలికలు గుడ్డపై కుట్టు పక్షిని ముందుగా చెట్టుపై చూచి యుండవలెను. చూడని పక్షిని కుట్టుట చేతికి పని కల్పించును గాని, కంటికిని బుద్ధికిని ఏమియు నేర్పదు. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద వ్యాసమేల యని చదువరు లడుగవచ్చును. తుదివరకు చదివిన పిమ్మట ఇది చిన్న సంగతియో కాదో వారే నిర్ణయింతురు గాక.

ఇప్పుడు మన బాలికలు కుట్టుచున్న గుడ్డలను చూడుడు. జేబురుమాళ్ల మూలలందును, దిండు గలీబులమీదను, బల్లగుడ్డల యంచులందును పక్షులకు కొదువలేదు. మెడలు వంచి యెదురెదురుగా నిలిచిన హంసలు, ముక్కున గులాబి నుంచుకొన్న తెల్లపావురములు, మంచుదేశపు కొమ్మలపై వ్రాలిన ఎర్రరొమ్ము పిట్టలు, ఇవియే మరల మరల కనబడును. మునుపు ఇవి అచ్చుపుస్తకముల నుండి వచ్చుచుండెను. ఇప్పుడు సెల్‌ఫోను తెరల నుండి దిగుచున్నవి. గొలుసుకుట్టు, కాడకుట్టు మొదలగువానిలో పనితనము మెచ్చదగినదే. కాని ఆ గుడ్డ కుట్టిన బాలికను "అమ్మా, ఈ పక్షి యెచ్చట నుండును? ఏమి తినును? దీని కూత యెట్లుండును?" అని యడిగినచో సమాధానము రాదు. అది ఆమె దోషము కాదు. ఆమె చేతికందిన నమూనాయే యట్టిది.

జంగారెడ్డిగూడెమున నుండువారికి పక్షులు దొరకవనుట సరికాదు. మన యూరు మెట్టసీమకును మన్యమునకును నడుమ నున్నది. ఒకవైపున బుట్టాయగూడెము, పోలవరము మీదుగా పాపికొండల యడవి. మరియొకవైపున గోదావరి డెల్టా వరిచేలు. మన యేలూరు జిల్లాకు దక్షిణభాగమున కొల్లేరు. అడవిపక్షియు, చేనిపక్షియు, నీటిపక్షియు ఇంత సమీపమున నుండుట యన్ని పాఠశాలలకు లభించు భాగ్యము కాదు.

పాలపిట్టనే తీసికొందము. తీగపై కూర్చున్నప్పుడు అది గోధుమవన్నె రొమ్ముతో మిక్కిలి సామాన్యముగా తోచును. రెక్కలు విప్పినంతనే ముదురునీలమును లేతనీలమును పట్టెలు పట్టెలుగా బయటపడును. విజయదశమినాడు దీనిని చూచుట శుభమని పొలిమేరలకు పోయి వెదకువారు నేటికిని గలరు. దీనిని గుడ్డపై నిలుపదలచిన బాలిక కొక చిక్కు వచ్చును. కూర్చున్న పిట్టను కుట్టవలెనా, ఎగురు పిట్టను కుట్టవలెనా? గోధుమరంగు గుడ్డముక్కక్రింద నీలిగుడ్డను మడచి దాచి, వ్రేలితో నెత్తినప్పుడు రెక్క విచ్చుకొనునట్లు కుట్టవచ్చునా? ఇట్టి యాలోచన ఏ నమూనాపుస్తకమునను దొరకదు. పిట్టను చూచినవారికే అది పుట్టును.

ఇక అల్లికయే వృత్తిగా గల పక్షి యొకటి మన పొలములలోనే యున్నది. తాటిమట్టలకును, నూతిపైకి వంగిన తుమ్మకొమ్మలకును వ్రేలాడు గిజిగాని గూళ్లను చూడని బాలుడుండడు. కాని అవి యెట్లు తయారగునో నిలిచి చూచినవారు కొలదిమందియే. మగపిట్ట వరియాకులను, గడ్డిని సన్నని పీలికలుగా చీల్చి తెచ్చి, ముక్కుతో ముడులువేసి గూడల్లును. లోపల తడిమట్టి యద్దును. గూడు సగమైనప్పుడు ఆడపిట్ట వచ్చి పరీక్షించును. ఆమెకు నచ్చినదానిని మగపిట్ట పూర్తిచేయును. నచ్చనిది తరచుగా నట్లే నిలిచిపోవును. ఒకే చెట్టున పొడవైన గొట్టములు గల గూళ్లును, టోపీలవంటి సగపుగూళ్లును కలసి కనబడుటకు కారణ మిదియే. దర్జీపిట్టయో, పెరటిలోని వెడల్పైన ఆకుల అంచులకు ముక్కుతో రంధ్రములు పొడిచి, ప్రత్తిపోగులను, సాలెపురుగు దారములను వానిలో దూర్చి, ఆకును సంచివలె కుట్టి, అందు గూడు పెట్టుకొనును. ఇట్టి గురువులు పెరటిలోనే యుండగా దూరదేశపు పక్షిబొమ్మలకై తెరలను వెదకనేల?

అడవిని బట్టపై నిలుపుట మన తీరమునకు క్రొత్త విద్య కాదు. మచిలీపట్టణపు కలంకారీ జగత్ప్రసిద్ధము. నేడది ముఖ్యముగా పెడనలో జరుగుచున్నది. కలంకారీ పనివారు నూలుగుడ్డను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి యెండబెట్టుదురు. ఇనుపతుక్కును బెల్లపునీటిలో కొన్నివారములు నానబెట్టి నల్లనిగీతలకు వలయు ద్రవము సిద్ధము చేయుదురు. కరక్కాయలోని వగరు ఆ యినుముతో కలసి నలుపగును. పాలలోని జిడ్డు రంగు ప్రక్కలకు ప్రాకకుండ కాపాడును. పటిక యద్దినచోట చిరివేరు రంగు ఎర్రగా పట్టును. అద్దనిచోట ఉతుకులో పోవును. నీలిచెట్టు నీలము నిచ్చును. శ్రీకాళహస్తిలో వెదురుపుల్లకు గుడ్డ చుట్టి దానినే కలముగా చేసికొని గీయుదురు. పెడనలో టేకుచెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుదురు. కరక్కాయయు, టేకును, వెదురును అడవి సొత్తే గదా. కావున ఆ బట్టలో అడవి బొమ్మగా మాత్రమే లేదు. రంగుగాను పనిముట్టుగాను కూడ నున్నది.

17, 18 శతాబ్దములలో ఈ కోరమండలతీరపు బట్టలు ఐరోపాజనులను మిక్కిలి యాకర్షించెను. తమ దేశపు నేతగాండ్రు చెడిపోదురను భయముతో ఫ్రాన్సువారు 1686 లోను, ఇంగ్లండువారు 1701 లోను, మరల 1721 లోను ఇట్టి బట్టలను అరికట్టుటకు శాసనములు చేసిరి. గుట్టపైనుండి మెలికలు తిరుగుచు లేచిన మహావృక్షమును, దాని కొమ్మలపై పక్షులును గల పెద్ద దుప్పట్లు ఇప్పటికిని లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమునందును, న్యూయార్కులోని మెట్రోపాలిటను మ్యూజియమునందును భద్రపరుపబడి యున్నవి. ఆ చెట్టున ఒక్కొక్క కొమ్మకు ఒక్కొక్క జాతిపువ్వు పూయును. అట్టి చెట్టు ఏ యడవిలోను లేదు. ఐరోపావర్తకులు తమ దేశస్థుల యభిరుచికి తగిన నమూనాలను పంపుచుండిరి. మన పనివారు వానిని తమ పద్ధతితో కలిపి చిత్రించిరి.

"చూచితిరా! పూర్వులును పరదేశపు నమూనాలనే యనుసరించిరి గదా. మా పిల్ల హంసను కుట్టిన తప్పేమి?" యని యెవరైన నడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ఆ పనివారు కొనువారి కోరికపై పనిచేసిరి; అది వారి జీవనము. అయినను వారు వేరును, ఆకును, కాయను, నీటిగుణమును క్షుణ్ణముగా నెరిగినవారు. తమ సొంత జ్ఞానము గట్టిగా నుండుటచేతనే పరుల నమూనాను తమ చేతికి లొంగదీసికొనగలిగిరి. మన పాఠశాలలోని బాలికకు కొనువాడు లేడు, అజ్ఞాపించువాడు లేడు. ఆమె స్వతంత్రురాలు. స్వతంత్రురాలై యుండి నకలు చేయుటయే విచారింపదగిన విషయము.

పరదేశములనుండి నేర్చుకొనరాదని మా భావము కాదు. నేర్చుకొనవలసినది బొమ్మ కాదు, పద్ధతి. ఇంగ్లండున విలియం మారిస్ అను శిల్పి 1883 లో "స్ట్రాబెర్రీ దొంగ" యను అచ్చుబట్టను రూపొందించెను. కెల్మ్‌స్కాట్ గ్రామమున తన యింటితోటలో పండ్లను దొంగిలించుకొని పోవు పిట్టలే అందులోని నాయకులు. నీలిమందుతోను చెక్క అచ్చులతోను మిక్కిలి శ్రమపడి ఆ బట్టను అద్దించెను. నేడు లోకమంతయు ఆ బొమ్మను నకలు చేయుచున్నది. మారిస్ శిష్యులము కాదలచినచో ఆయన పిట్టను మనము కుట్టరాదు. మన పెరటి జామపండును కొరికి సగము పారవేయు రామచిలుకను చూచి కుట్టవలెను. 2018 నుండి ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపక్షి రామచిలుకయే యని విద్యార్థులు ఎరుగుదురు గదా.

ఇంతవరకు చెప్పినది అందమును గూర్చి. ఇక అంతకంటె ముఖ్యమైన సంగతి. చూచువారు లేని పక్షి పోయినను ఎవరికిని తెలియదు. గూడబాతుల చరిత్ర యిందుకు నిదర్శనము. 1946 లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటిప్రాంతమున గూడబాతులు పిల్లలను పెంచు నెలవును కనుగొనెను. ఆయన వృత్తిచే అధ్యాపకుడు. ఆనాడు అచ్చట దాదాపు 3000 గూడబాతులు గూళ్లు కట్టుచుండెను. 1975 ప్రాంతమున ఆ నెలవు అంతరించెను. ఒక ఉపాధ్యాయుడు నిలిచి చూచి, లెక్కించి, వ్రాసి యుంచుటచేతనే మనము పోగొట్టుకొన్న దెంతయో మనకు తెలిసినది. 1999 లో కొల్లేరు వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002 లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సార్ చిత్తడినేలలలో చేరెను. 2006 లో అక్రమముగా త్రవ్విన చేపలచెరువులగట్లను పెక్కింటిని ప్రభుత్వము పగులగొట్టించెను. నేడు మన జిల్లాలోనే, కైకలూరునకు సమీపముననున్న ఆటపాకలో గూడబాతులు మరల గూళ్లు పెట్టుచున్నవి. పోయిన పక్షి తిరిగివచ్చుట అరుదైన విషయము. దానిని చూడని విద్యార్థి మన జిల్లాలో నుండరాదు.

అడవివైపు కథ వేరు. పాపికొండలు 1978 లో అభయారణ్యముగాను, 2008 లో జాతీయోద్యానముగాను ప్రకటింపబడెను. పోలవరము జలాశయము నిమిత్తమై గోదావరి యొడ్డున నుండిన గిరిజనగ్రామములు పెక్కు కదలిపోవలసి వచ్చినది. ఆ కుటుంబములలో కొన్ని మన ప్రాంతపు పునరావాస కాలనీలకు వచ్చి చేరినవి. ఆ బాలబాలికలు మన బల్లలపై కూర్చుండి చదువుకొనుట మన భాగ్యమే. పట్టణపు పిల్లలు వారికంటె ఆంగ్లము బాగుగా చదువవచ్చును. కాని కూతవిని పక్షిపేరు చెప్పుటలోను, గూటినిబట్టి జాతిని గుర్తించుటలోను కోయపిల్లవానికిని, కొండరెడ్డిపిల్లకును సాటిరాగలవా రెందరు? అడవికి దూరమై కాలనీలో పెరుగుచున్నకొలది ఆ జ్ఞానము వారి తల్లిదండ్రులతోనే నిలిచిపోవునను భయము మాకు గలదు. దానికి పాఠ్యపుస్తకము లేదు. అడిగి తెలిసికొనువారు లేకున్న ఒక్క తరములో అది మాసిపోవును.

బట్టపై కథ నిలుపు విద్యయు వారికి క్రొత్తది కాదు. కోయలలో డోలివారు పడిగెలనెడి గుడ్డలపై తమ వంశమూలపురుషుల కథలను బొమ్మలుగా నిలిపి, వానిని చూపుచు డోలు వాయించి పాడుదురు. ఆ గానవిద్యలో ప్రసిద్ధుడైన సకిని రామచంద్రయ్యగారిని 2022 లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. అట్టి సంప్రదాయమునకు వారసులైన పిల్లలను ప్రక్కనుంచుకొని, తెరపైనుండి తెల్లపావురమును దించుకొనుట యెంతవరకు యుక్తమో పెద్దలు ఆలోచింపవలెను.

ఈ మాటలకు కొన్ని యాక్షేపణలు వచ్చునని మే మెరుగుదుము.

మొదటిది, మార్కులు. పదవతరగతి పరీక్షలో పాలపిట్టకు మార్కులు లేవు గదా యని తండ్రులు అందురు. నిజమే. కాని ఒక పక్షిని నెలదినములు చూచి, దాని రాకపోకలను తేదీలతో వ్రాసికొని, రెక్కకును తోకకును గల నిష్పత్తిని కొలిచి గీసిన విద్యార్థి జీవశాస్త్రమును, గణితమును, వ్యాసరచనను ఒక్కచోట నభ్యసించినవా డగును. వారమునకు ఒక గంటచేత పరీక్ష పోదు.

రెండవది, కుట్టుపని బాలికలదే యను తలంపు. పెడనలోను శ్రీకాళహస్తిలోను పురుషులు తరతరములుగా ఈ పని చేయుచున్నారు. శ్రీకాళహస్తి కలంకారీకి పేరుతెచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు 2008 లో పద్మశ్రీ నందినవారు. అన్నిటికంటె మిన్నగా, మగగిజిగాడు గూడల్లుటకు ఎన్నడును సిగ్గుపడలేదు. మన బాలురును సిగ్గుపడ నక్కరలేదు.

మూడవది, యంత్రము. వేయికుట్లు నిమిషములో వేయు యంత్రములు బజారులో నుండగా చేతితో కుట్టనేల యందురు. యంత్రము కుట్టగలదు, కాని కుట్టదగిన దేదియో చెట్టుక్రింద నిలిచి చూచి నిర్ణయింపలేదు. ఆ నిర్ణయమునే మేము విద్య యనుచున్నాము.

నాలుగవది బరువైనది. చేతిపని కూడు పెట్టదని తల్లులు అందురు. నరసాపురపు లేసును వారు సాక్ష్యముగా చూపుదురు. 19వ శతాబ్దమున మిషనరీలు నేర్పిన ఆ విద్య నరసాపురము చుట్టుపట్ల గ్రామములలో వేలకొలది స్త్రీల చేతులకు పని కల్పించినది. కాని 1982 లో ప్రచురింపబడిన తన గ్రంథమున మరియా మీస్ అను జర్మను విదుషి ఆ స్త్రీల కష్టమును వివరించినది. వారు దినమంతయు శ్రమించుచున్నను, ఇంటిపట్టున తీరికవేళ కాలక్షేపము చేయువారుగానే యెంచబడిరనియు, లాభము వర్తకులకే చేరెననియు ఆమె చూపెను. 2024 లో ఆ లేసుకు భౌగోళికసూచిక గుర్తింపు లభించినది, అది సంతోషకరమే. అయినను తల్లుల మాటలో సత్యమున్నది. కావుననే పిల్లలు కుట్టి యమ్మి సంపాదింపవలెనని మే మనుట లేదు. చేతిపనిలో ఎంత కాలము, ఎంత చూపు, ఎంత యోర్పు ఇమిడియున్నదో స్వయముగా నెరిగినవారు రేపు కొనువారైనప్పుడు ఒక లేసుగుడ్డకు న్యాయమైన వెల నిత్తురు. అదియు నొక చదువే.

ఇక మా సూచన. రాబోవు విద్యాసంవత్సరమున ప్రతి విద్యార్థియు ఒక పక్షిని ఎన్నుకొనవలెను. కాకియైనను, కొంగయైనను, గోరువంకయైనను సరియే. అరుదైన పక్షియే కావలెనను నియమము లేదు. నెలదినములు దానిని చూడవలెను. ఇంటివారు దానిని ఏ పేరున పిలుతురో, ఏ సామెతలో చెప్పుదురో అడిగి వ్రాసికొనవలెను. కోయభాషలోని పేరు తెలిసినవారు ఆ పేరునుకూడ చేర్చవలెను. తరువాత మూరెడు చదరపు నూలుగుడ్డపై ఆ పక్షిని నిలుపవలెను. దర్జీల అంగళ్లలో మిగిలిన పీలికలు, అమ్మ పాతచీర యంచు, గోనెపోగు, ఎండిన గడ్డి, కరక్కాయనీటిపై ఇనుపద్రవముతో గీసిన గీత, సూదిపని, ఏది తగునో అది వాడవచ్చును. ఒక్క నియమము మాత్రము కలదు. గూటిని ముట్టరాదు, ఈకలకై పక్షిని బాధింపరాదు. పక్షినుండి మనము తీసికొనవలసినది చూపు ఒక్కటియే.

ఈ గుడ్డలన్నిటిని చేర్చి ఒక పెద్ద బొంతగా కుట్టవలెనని మా కోరిక. బొంత మన యిండ్లలోని పురాతనవస్తువు. నాయనమ్మలును అమ్మమ్మలును పాతచీరలను పొరలుగా పేర్చి దూరపుకుట్లతో దానిని కుట్టుదురు. కుట్టు నేర్పుటకు వారినే పాఠశాలకు పిలువవచ్చును. అడవివైపు గ్రామములవారి పక్షులు పైవరుసలోను, చేలపక్షులు నడుమను, కొల్లేటిపక్షులు క్రిందివరుసలోను వచ్చునట్లు అమర్చినచో ఆ బొంతయే మన జిల్లాకు పటమగును. దానిని ప్రదర్శనము ముగియగనే పెట్టెలో మడచి పెట్టక, తరగతిగోడపై నుంచవలెను. ఏటేట ఒక వరుస చేర్చుచుండవలెను. పది సంవత్సరములైన పిమ్మట ఏ పక్షి ప్రతియేట కనబడుచున్నదో, ఏది కనబడుట మానినదో ఆ గోడయే చెప్పును.

దీనికి వలయు ధనము స్వల్పము. వలయు గంట వారమునకు ఒకటి. ఆ గంటను తీసివేయవలెనను తల్లిదండ్రులు ముందుగా తమ పిల్లలతో ఒక ఆదివారము ఉదయమున పొలముగట్టుకు పోయి, గిజిగాడు అల్లుచున్న గూటిక్రింద అరగంటసేపు నిలువవలెనని ప్రార్థించుచున్నాము. అటుపిమ్మట వారేమి చెప్పినను వినుటకు మేము సిద్ధముగా నున్నాము.